మహిమ సాక్ష్యం చెప్పగలదా?

మహిమ చూపినంత మాత్రాన ఒకడి మాట నిజమైపోతుందా? రాగిని బంగారం చేసినవాడు, తెగిన కాళ్లూ చేతులూ మళ్లీ మొలిపించినవాడు చెప్పాడు కాబట్టి దాన్ని సత్యమని ఒప్పుకోవాలా? మతం ఎంత పాతదో ఈ ప్రశ్న అంత పాతది. శాస్త్రకారులు దీనికి చాలా జవాబులు చెప్పారు. నాకు మాత్రం వాటన్నిటికన్నా గట్టి జవాబు ఒక కథకుడి దగ్గర కనిపిస్తుంది. ఆయన గౌరన. 1323లో ఓరుగల్లు పడిపోయాక నల్లగొండ గుట్టల్లో రాచకొండ, దేవరకొండ కోటలు కేంద్రంగా రేచర్ల వెలమ రాజులు నిలబెట్టిన రాజ్యంతో ముడిపడిన కుటుంబం ఆయనది. తండ్రి సోదరుడు పోతరాజు రాచకొండ మాదానాయకుడి దగ్గర మంత్రి. గౌరన తెలుగులో రెండు ద్విపద కావ్యాలు రాశాడు, హరిశ్చంద్రోపాఖ్యానం ఒకటి, నవనాథ చరిత్ర ఒకటి. సంస్కృతంలో లక్షణదీపిక అనే అలంకారశాస్త్ర గ్రంథం కూడా రాశాడు. సరససాహిత్య లక్షణ చక్రవర్తి అని బిరుదు పొందాడు. ఈనాటి మాటల్లో చెప్పుకుంటే పురస్కారాలు అందుకున్న ఫాంటసీ రచయిత, పైగా తన విద్యకు తానే సిద్ధాంతం రాసుకున్న రచయిత. ఆయన రెండు కావ్యాల్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ. ఒకటి సత్యవ్రతుడి కథ, మరొకటి సిద్ధుల కథ, రెంటికీ పొత్తేముందని విడివిడిగా చూశారు. నా ఉద్దేశంలో రెండూ కలిసి ఒకే వాదం చేస్తున్నాయి. మహిమ సత్యానికి సాక్ష్యం కాదు, మహిమే సత్యం ముందు నిలబడి పరీక్షకు లోబడాలి. ఇదీ ఆ వాదం.

ఈ వాదం ఎక్కడ పుట్టిందో కూడా గమనించాలి. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని సంప్రదాయం చెప్తుంది. వాటిలో రెండు పాత పాలమూరు జిల్లావే: పడమటి ద్వారం అలంపురం, ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. ఉపద్వారాల్లో ఒకటైన ఏలేశ్వరం నల్లగొండ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండేది, నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయింది. ఉమామహేశ్వరంలో మాదానాయకుడి శాసనం 1376 నాటిది. కొండచరియ కింద ఒదిగిన గుడి, బండలోంచి ఎండాకాలంలోనూ బొట్టుబొట్టుగా ఊరే నీళ్లు, చుట్టూ నల్లమల అడవి. అలాంటి చోట సిద్ధులున్నారంటే నమ్మడానికి ఎవరికీ పెద్ద కష్టం ఉండదు. అలంపురం స్థలపురాణంలో రససిద్ధుడున్నాడు. సిద్ధరసంతో బంగారం చేసి గుళ్లు కట్టించిన వాడి మీద, ఆ రసం మీద ఆశ పెట్టుకున్న రాజు పగబట్టిన కథ అది. శ్రీశైలం కొండనంతా బంగారం చేయబూనిన నాగార్జున సిద్ధుడి కథా ఈ తావుల్లోనిదే. శూన్యవాదం చెప్పిన బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడికీ, రసవాది నాగార్జునుడికీ నడుమ జనం జ్ఞాపకంలో గీత చెరిగిపోయింది. అంటే గౌరనకు అద్భుతాలు దూరదేశపు సరుకు కాదు. గుడి మెట్ల దగ్గరా, మఠం అరుగు మీదా ప్రతివాడూ చెప్పుకునేవి. వాటిని ఆయన చెప్పింది ద్విపదలో, అంటే పాల్కురికి సోమనాథుడూ, పాలమూరు వర్ధమానపురం పాలించిన గోన వంశపు బుద్ధారెడ్డీ నడిచిన బాటలో. పండితులు పక్కన లేకపోయినా పాడుకోవచ్చు, వినగానే అర్థమవుతుంది. మహిమలంటే చెవికోసుకునే శ్రోతలకే మహిమ గురించిన ప్రశ్న వేయడానికి ఇంతకన్నా అనువైన ఛందస్సు లేదు.

ముందు హరిశ్చంద్రుణ్ణి చూద్దాం. ఈ కథ మార్కండేయ పురాణంలో ఉంది. కన్నడంలో రాఘవాంకుడు గౌరనకు ముందే కావ్యం చేశాడు. తెలుగు కథలో మహిమలన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో లెక్కపెట్టండి. విశ్వామిత్రుడు మాతంగ కన్యల్ని సృష్టించి పంపగలడు, రాజ్యాన్ని మాటతో లాక్కోగలడు, నిప్పునూ పామునూ పనిలో పెట్టుకోగలడు. హరిశ్చంద్రుడి దగ్గర ఏ సిద్ధీ లేదు. శపించలేడు, వరమివ్వలేడు, రేపు ఏమవుతుందో చూడలేడు. ఉన్నదల్లా ఇచ్చిన మాట. కాబట్టి ఈ కథలో పోటీ ఇద్దరు తపస్వుల నడుమ కాదు, శక్తి పూర్తిగా ఉన్నవాడికీ శక్తి అసలే లేనివాడికీ నడుమ. శక్తి ఉన్నవాడు అడిగేదేమిటి? ఒక్క అబద్ధం. ఇస్తానన్నది నిజం కాదని ఒక్కసారి అంటే చాలు, రాజ్యం తిరిగొస్తుంది. అప్పు వసూలుకు వెంట వచ్చిన నక్షత్రకుడు దారి పొడుగునా చేసే పని అదే. ఎండలో కూలబడతాడు, ఆకలంటాడు, అడుగు వేయనంటాడు, మధ్యమధ్యలో కాదనేస్తే పోదా అంటాడు. తెలుగువాళ్లు పీడించుకు తినేవాణ్ణి ఇవాళ్టికీ నక్షత్రకుడనే అంటారు. ఆ పాత్ర మనసులో అంతగా ఎందుకు నాటుకుందో ఆలోచిస్తే, సత్యాన్ని కూల్చడానికి పిడుగులు అక్కర్లేదనీ, రోజూ కొంచెం కొంచెం విసిగిస్తే చాలనీ జనానికి బాగా తెలుసు కాబట్టే అనిపిస్తుంది. మహిమ చేయలేని పనిని విసుగు చేయగలదన్న ఎరుక కథలోనే ఉంది.

ఇక కాటి ఘట్టం. పాము కరిచి చనిపోయిన కొడుకును మోసుకుని చంద్రమతి రాత్రివేళ శ్మశానానికి వస్తుంది. కాటికాపరి సుంకం అడుగుతాడు. ఆమె దగ్గర చిల్లిగవ్వ లేదు. ఆ కాపరి తన భర్త, ఆ శవం అతని కొడుకు. చూసేవాడు లేడు, యజమాని వీరబాహుడు అక్కడ లేడు, ఒక్క సుంకం వదిలేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. అయినా వదలడు, ఎందుకంటే ఆ సుంకం తనది కాదు. ఈ చోట గౌరన కథ తత్త్వశాస్త్రం కన్నా సూటిగా మాట్లాడుతుంది. సాక్షి లేనిచోట కూడా నిలిచేదే సత్యమైతే, సాక్ష్యంగా మహిమను తెచ్చి నిలబెట్టాల్సిన పనేముంది? తెలంగాణ ఊళ్లలో చిందు యక్షగాన కళాకారులు ఆడినా, బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకాన్ని జాషువా పద్యాలతో కలిపి స్టేజీ మీద ఆడినా, జనం రాత్రి తెల్లార్లూ మేలుకుని కూర్చునేది ఈ ఘట్టం కోసమే, చివర్లో దేవుళ్లు దిగివచ్చే సీను కోసం కాదు. గాంధీ చిన్నతనంలో హరిశ్చంద్ర నాటకం చూసి దాన్ని మనసులో లెక్కలేనన్నిసార్లు ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన్ని పట్టుకున్నదీ హరిశ్చంద్రుడి కష్టమే. దేవతల వరాలేవీ ఆయన్ని కదిలించినట్టు లేదు.

నవనాథ చరిత్ర దీనికి తలకిందులుగా మొదలవుతుంది. ఇక్కడ సిద్ధులే నాయకులు. అద్భుతాలు అడుగడుగునా ఉంటాయి. ఈ కావ్యంలో అందరికీ తెలిసిన భాగం సారంగధరుడిది. గౌరన కావ్యంలో సారంగధరుడు మాళవదేశపు రాజకుమారుడు. కథను రాజమహేంద్రవరానికి తెచ్చి రాజరాజనరేంద్రుడి ఇంట్లో పెట్టింది తర్వాతివాళ్లు. సవతితల్లి చిత్రాంగి మోహిస్తుంది, కుర్రవాడు కాదంటాడు, ఆమె నింద వేస్తుంది, తండ్రి విచారణ లేకుండా కాళ్లూ చేతులూ నరికిస్తాడు. అడవిలో పడి ఉన్నవాణ్ణి మీననాథుడు చేరదీస్తాడు, యోగం నేర్పుతాడు, అవయవాలు మళ్లీ వస్తాయి. చౌరంగి అనే సిద్ధుడు అలా పుడతాడు. ఈ కథ ఎంత దూరం తిరిగిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టిబెట్టు బౌద్ధులు దాచుకున్న 84 మంది సిద్ధుల చరిత్రల్లో మీనపాదుడు, గోరక్షుడు, చౌరంగి ముగ్గురూ ఉన్నారు. పంజాబులో సియాల్‌కోట రాకుమారుడు పూరన్ భగత్ కథగా ఇదే వినిపిస్తుంది. అశోకుడి కొడుకు కుణాలుడి కథ దీనికి పెద్దన్న లాంటిది. ఇన్ని భాషల జనం దీన్ని తమదిగా చేసుకున్నారంటే అవయవాలు మొలవడం ఒక్కటే కారణం అయ్యుండదు. ఏ తప్పూ చేయనివాడు మొండెమై పడి ఉన్నాడన్నదే కథను నడిపించింది. మహిమ ఆ తర్వాత వచ్చింది, అదీ ఒకడి బాధ మీద కనికరంగా వచ్చింది. రాజసభలో నలుగురి ముందూ గొప్పగా వచ్చింది కాదు. తెగిన చేతుల్ని మొలిపించుకున్న సిద్ధుడు, వాటితో తండ్రి సింహాసనాన్ని పట్టుకోలేదు కూడా.

నాథ సంప్రదాయం అంతటా చెప్పుకునే మరో కథ ఈ వాదానికి ఇంకా పెద్ద సాక్ష్యం. సిద్ధులకు మొదటి గురువైన మత్స్యేంద్రుడు ఆడవాళ్ల రాజ్యంలో చిక్కుకుని, యోగం మరిచి, భోగాల్లో మునిగిపోతాడు. పరకాయ ప్రవేశం లాంటి విద్యలన్నీ వచ్చినవాడే. ఆ విద్యలేవీ ఆయన్ని కాపాడవు. శిష్యుడు గోరక్షుడు వేషం మార్చుకుని వెళ్లి, మృదంగం మోతతో మేలుకొలిపి, గురువుకు ఆయనెవరో గుర్తుచేసి వెనక్కి తెస్తాడు. బెంగాలీలో గోరక్ష విజయం పేరుతో దీన్ని పాడుకున్నారు. మరాఠీలో శాంతారాం 1932లో మాయా మచ్ఛీంద్ర సినిమాగా తీశాడు. తెలుగులో 1975లో మాయామశ్చీంద్ర వచ్చింది. జనానికి ఇది వినోదమే కావచ్చు. కానీ ఇందులోని ఒప్పుకోలు మామూలుది కాదు. తన మూలగురువు సర్వసిద్ధుడై ఉండి కూడా పడిపోయాడని ఒక మతం తానే చాటుకుంటోంది. ఇప్పుడు రెండు కథల్నీ కలిపి చూడండి. సర్వసిద్ధులున్న మత్స్యేంద్రుడు పడ్డాడు, ఏ సిద్ధీ లేని హరిశ్చంద్రుడు నిలిచాడు. మహిమ సత్యానికి రుజువైతే ఈ రెండూ జరగకూడదు.

ఇది గౌరన ఒక్కడి వింత ఆలోచన కాదు. పతంజలి యోగసూత్రాల విభూతిపాదంలో సిద్ధులన్నిటినీ వరసగా చెప్పి, అవి సమాధికి అడ్డంకులని అదే పాదంలో తేల్చేశాడు. బౌద్ధుల దీఘనికాయంలోని కేవట్ట సుత్తంలో, భిక్షువుల చేత మహిమలు చేయిస్తే ఊరంతా మనవైపు తిరుగుతుందని ఒక గృహస్థుడు బుద్ధుడికి సలహా ఇస్తాడు. బుద్ధుడు దాన్ని అసహ్యించుకుంటాడు. గాల్లో ఎగిరినవాణ్ణి చూసి నమ్మనివాడు అది ఏదో మంత్రవిద్యలే అంటాడు కదా, మరి అది దేనికి రుజువు అన్నది ఆయన వాదం. బోధ ఒక్కటే నిజమైన అద్భుతమని ముగిస్తాడు. ఈ మాట పలికిన ధర్మం పాత నల్లగొండ జిల్లా ఫణిగిరి గుట్ట మీద చైత్యాలు, విహారాలు, చెక్కడాల తోరణాలతో శతాబ్దాలు వర్ధిల్లింది. సూఫీల బోధ కూడా ఇదే: మహిమ దక్కినవాడు దాన్ని దాచుకోవాలి, బయటపెట్టి బతకకూడదు. కృష్ణకు దగ్గర్లోని జాన్‌పహాడ్ దర్గాకు హిందువులూ ముస్లింలూ మొక్కులు మోసుకుపోతారు, కోరికలు తీరాయని చెప్పుకుంటారు. కానీ ఆ కోరికలు తీరడం వల్ల ఒక మతం నిజమనీ మరొకటి అబద్ధమనీ అక్కడికి పోయేవాళ్లు ఎవరూ వాదించరు. పండితుల సాయం లేకుండానే జనం మొక్కునూ సత్యాన్నీ వేరుచేసి చూస్తున్నారు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. హరిశ్చంద్రుడి కథ చివర్లో ఏం జరుగుతుంది? భార్య మీద ఎత్తిన కత్తి పూలదండ అవుతుంది, శివుడు ప్రత్యక్షమవుతాడు, కొడుకు లేచి కూర్చుంటాడు, రాజ్యం తిరిగొస్తుంది. సత్యం గొప్పదని చివరికి రుజువు చేసింది మహిమే కదా, ఇంతసేపూ చేసిన వాదం ఏమైనట్టు అని అడగొచ్చు. కానీ ఆ దండ ఎప్పుడు పడింది? కత్తి ఎత్తాక. ఎత్తిన క్షణంలో అది దండ అవుతుందని హరిశ్చంద్రుడికి తెలియదు. తెలిసి ఉంటే అది వ్రతం కాదు, బేరం అయ్యేది. పరీక్ష మొత్తం కాటిలోనే, శివుడు రాకముందే, పూర్తయిపోయింది. తర్వాత జరిగింది న్యాయం చెల్లింపు, రుజువు కాదు. ఆ చెల్లింపు లేకపోతే వింటున్నవాళ్ల మనసులో దేవుడి మీద నమ్మకం మిగలదు, కాబట్టి కవి దాన్ని ఇచ్చాడు. ఆ దండను తీసేసి చదివినా హరిశ్చంద్రుడు సత్యవ్రతుడే. కాటిసుంకాన్ని తీసేసి దండను మాత్రం ఉంచితే కథే ఉండదు. సత్యం దేని మీద నిలబడిందో దీన్నిబట్టి తెలిసిపోతుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది, దాన్ని తేలికగా తోసేయడం నాకు సమ్మతం కాదు. మాట నిలుపుకోవడం కోసం భార్యనూ కొడుకునూ కాశీ అంగడిలో అమ్మినవాడు ధర్మాత్ముడెలా అవుతాడు? అతని సత్యానికి వెల కట్టింది చంద్రమతి ఒళ్లు, లోహితుడి ప్రాణం. తనను అమ్మమని ఆమే అన్నదని మార్కండేయ పురాణం చెప్పిన మాట నిజమే. దానితో చిక్కు విడిపోదు, ఎందుకంటే ఆమె అలా అనడమే ధర్మమని నేర్పిన లోకంలోనే ఆమె అలా అన్నది. ఆడదాని కష్టాన్ని మగవాడి వ్రతానికి గీటురాయి చేసిన దోషం ఈ కథలో ఉంది, దాన్ని కప్పిపెట్టి హరిశ్చంద్రుణ్ణి పొగడటం తప్పు. అయితే కథను పట్టి చూస్తే వేలు ఎవరివైపు చూపుతుందో కూడా చెప్పాలి. ఈ అమ్మకాలన్నీ జరిగింది ఒక మహిమాన్వితుడి పందెం కోసం. ఇంద్రసభలో వసిష్ఠుడితో వచ్చిన పంతం తీర్చుకోవడానికి విశ్వామిత్రుడు ఒక ఇల్లు కూల్చాడు. కాలకౌశికుడి ఇంట దాసిగా పడ్డ చంద్రమతి కన్నీళ్లలో ప్రతి బొట్టూ మహిమ మీద మోపిన నేరమే. శక్తి ఉన్నవాడికి ఎదుటి మనిషి పందెపు కాయలా కనిపించడం మొదలైతే ఏమవుతుందో ఇంత పచ్చిగా చూపిన కావ్యం, మహిమను కొలవడానికి వేరే కొలబద్ద కావాలని చెప్పినట్టే. రాజును కొన్నవాడు కాటి యజమాని వీరబాహుడు కావడం, చక్రవర్తి అతనికి నమ్మకంగా కొలువు చేయడం కూడా ఆ కాలపు శ్రోతలకు చిన్న విషయం కాదు. కుల గర్వం ఉన్న సభలో ఆ సీను వినిపించడానికి ధైర్యం కావాలి.

ఇక మూడోది, సాహిత్యానికి సంబంధించినది. ఒక్క అబద్ధం ఆడనివాడి కథ చెప్పడానికి ఇన్ని కల్పనలు దేనికి? అబద్ధాలతో సత్యాన్ని పొగడటం విడ్డూరం కాదా? అబద్ధమాడేవాడు తాను కల్పిస్తున్నానన్న సంగతి దాస్తాడు. కథకుడు దాచడు. ద్విపద మొదలవగానే అది కథ అని చెప్పేవాడికీ వినేవాడికీ తెలుసు, ఎవరూ మోసపోరు. రాచకొండ సింగభూపాలుడు రసార్ణవసుధాకరంలో రసాలన్నిటినీ వివరించాడు, గౌరన తానే లక్షణకర్త. వాళ్లు ఎరిగిన శాస్త్రంలో అద్భుతం ఒక రసం, దానికి ఆధారం ఆశ్చర్యమనే భావం. రసం పని మనసును తెరవడం, నమ్మించడం కాదు. మన కాలంలో ఈ సంగతిని బాగా ఎరిగి రాసినవాళ్లలో అమెరికన్ రచయిత్రి అర్సులా లె గ్విన్‌ను చెప్పుకోవాలి. ఆమె ఎర్త్‌సీ నవలల్లో మొదటిది 1968లో వచ్చింది, మూడోదానికి 1973లో నేషనల్ బుక్ అవార్డు దక్కింది, 2014లో నేషనల్ బుక్ ఫౌండేషన్ జీవితకాల పతకం ఇచ్చింది. మొదటి నవలలో గెడ్ అనే కుర్ర మాంత్రికుడు తోటివాడి ముందు గొప్ప చూపించుకోవడానికి చనిపోయినవాళ్ల లోకం నుంచి ఒక ఆత్మను పిలుస్తాడు. దానితోపాటు ఒక నీడ బయటికొచ్చి అతని వెంటపడుతుంది. మంత్రశక్తి ఎంత పెరిగినా ఆ నీడ పోదు. అది తనదేనని ఒప్పుకుని, తన పేరుతోనే దాన్ని పిలిచినప్పుడు పోతుంది. ఆమె తావో మార్గం మీద ప్రేమతో తావో తె చింగ్‌ను ఇంగ్లీషులో తిరగరాసిన మనిషి, గౌరన శైవమఠం కోసం రాసిన మనిషి. ఒకరి పేరు ఒకరు విననివాళ్లు. అయినా ఇద్దరి కల్పనా ఒకే చోటికి తెచ్చి ఆపుతుంది: శక్తి వచ్చినంత మాత్రాన మనిషి సరికాడు, సరైన మనిషి చేతిలో పడితేనే శక్తి సరవుతుంది. ఈ సంగతి చెప్పడానికి కల్పన కావాలి, ఎందుకంటే హద్దులేని శక్తి చేతికిస్తే మనిషి ఏమవుతాడో మామూలు లోకంలో పరీక్షించి చూడలేం. కథలో చూడొచ్చు.

హేతువాది అడిగేది మాత్రం ఇంకా నేలమీది ప్రశ్న. నల్లగొండలో ఎన్నో ఊళ్లు తరాల పాటు ఫ్లోరైడు నీళ్లు తాగాయి. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదన్న ఫ్లోరైడు హద్దులు దాటి చేరి, పిల్లల పళ్లు పసుపెక్కి, ఎముకలు వంకరపోయి, నడుములు వంగిపోయాయి. మర్రిగూడ లాంటి మండలాల్లో ముప్పై ఏళ్లకే ముసలివాళ్లయిన మనుషులున్నారు. అలాంటి నేల మీద కూర్చుని, తెగిన కాళ్లు మళ్లీ మొలిచిన కథ చెప్పడం వాళ్ల బాధను వెక్కిరించడం కాదా? తాయెత్తులు కట్టేవాళ్లకూ, చేతిలోంచి విబూది రాల్చేవాళ్లకూ ఈ కథలే దారి వేయలేదా? ఈ కోపం న్యాయమైనది. కథ ఎముకను సరిచేయదు. సరిచేయాల్సింది నీళ్లను. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది మన శాస్త్రవేత్తలే. కృష్ణ నీళ్లు ఊళ్లకు రావాలని బాధితులు ఏళ్ల తరబడి పోరాడింది కూడా ఏ సిద్ధుడి కోసమూ ఎదురుచూడకుండానే. కానీ సారంగధరుడి కథను చివరి నుంచి కాక మొదటి నుంచి వినాలి. ఆ కాళ్లు నరికింది విధి కాదు, విచారణ చేయని రాజు. నేరం ఫలానావాడిదని కథ పేరు పెట్టి చెప్తుంది. మనిషి చేసిన అన్యాయాన్ని తలరాత అనకుండా అన్యాయమే అని చెప్పే కథ, బాధితుడికి ఎదురుతిరగదు. తాయెత్తు కట్టేవాడు చెప్పే కథలో ఈ మొదటి భాగం ఉండదు. రాజు తప్పు ఉండదు, గురువు పతనం ఉండదు, సిద్ధికి చెల్లించాల్సిన వెల ఉండదు. ఉండేదల్లా చివరి మహిమ, దానికి దక్షిణ. గౌరన కథలో ఎక్కువ చోటు ఆక్రమించిన సంగతుల్ని కత్తిరించి పారేస్తేగానీ మోసగాడికి పనికొచ్చే సరుకు మిగలదు. కాబట్టి మోసానికి దారి వేసింది ఈ కావ్యాలని అనలేం, ఈ కావ్యాల్ని సగం మింగేసిన అలవాటు వేసింది.

చివరిగా, ఇదంతా మఠం చేయించిన ప్రచారమేనన్న మాట. నవనాథ చరిత్రను గౌరన తనంత తానుగా రాయలేదు. శ్రీశైలం భిక్షావృత్తి మఠాధిపతి ముక్తిశాంత భిక్షావృత్తిరాయలు కోరితే రాశాడు. అంతకుముందు శ్రీగిరికవి పద్యాల్లో చెప్పిన కథను జనం పాడుకునే ద్విపదలోకి మార్చాడు. మఠానికి యాత్రికులు కావాలి, కానుకలు కావాలి, తన సిద్ధుల పేరు నాలుగు ద్వారాల అవతలి ఊళ్లలోనూ మోగాలి. అవన్నీ నిజమే. డబ్బు పెట్టి రాయించుకున్నది కాబట్టి అందులో సత్యం ఉండదనుకుంటే, మన ప్రాచీన సాహిత్యంలో ముప్పాతిక భాగం వదులుకోవాలి. చూడాల్సింది, రాయించినవాడి అవసరాన్ని దాటి కావ్యం ఏం చెప్పిందన్నది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం కోరాడ రామకృష్ణయ్య పరిష్కరణలో దీన్ని అచ్చువేసినప్పటి నుంచి చాలామంది దీన్ని సిద్ధుల చరిత్రకు ఆధారంగానే వాడారు: ఏ నాథుడు ఎప్పటివాడు, ఎవరికి ఎవరు శిష్యులు అని. ఆ పరిశోధన అవసరమే. కానీ మతప్రచారం చేయదలిచినవాడికి కావాల్సింది ఓడిపోని గురువు. నాథుల సంప్రదాయం ఇచ్చింది ఓడిపోయిన గురువును, ఆయన్ని నిలదీసి వెనక్కి తెచ్చిన శిష్యుణ్ణి. గోరక్షుడు మత్స్యేంద్రుడితో నువ్వు సిద్ధుడివి కాబట్టి నువ్వు చేసేది సరైనదే అనలేదు. గురువు నేర్పిన దాన్నే కొలబద్ద చేసుకుని గురువు తప్పాడని చెప్పాడు. ఇవాళ వేదికలెక్కి మహిమలు చూపించే గురువుల ముందు చేతులు కట్టుకుని నిలబడే శిష్యులు తమ సంప్రదాయం పాతదని చెప్పుకుంటారు. గోరక్షుడి మృదంగం అంతకన్నా పాతది. గురువు నడతను అడిగే హక్కు శిష్యుడికి ఉందని ఒప్పుకున్న చోటే వాళ్ల సంప్రదాయానికి ఆ పాతదనాన్ని చెప్పుకునే అర్హత వస్తుంది.